డాబా మీది చెత్త ఎవరిది?

మా ఇంట్లో నేను ఊడ్వని చోటు లేదని చాలా ఏళ్ళు గొప్పగా అనుకున్నాను. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి గానీ కాఫీ తాగను. మంచాల కింద, బీరువా వెనక, ఫ్రిజ్ కింద, గ్యాస్ బండ పెట్టే మూల, అన్నిట్లోకీ చీపురు వెళ్తుంది. "మా కోడలి చేతిలో చీపురు పడితే దుమ్ముకి దిక్కుండదు" అని మా అత్తయ్యగారు వచ్చినవాళ్ళతో అంటుంటే, పైకి మొహమాటపడుతూ లోపల పొంగిపోయేదాన్ని.

అయితే ఈ ఇంట్లో అన్ని గదుల కంటే పెద్ద చోటు ఒకటుంది. 1200 చదరపు అడుగులు. అది మా నెత్తి మీదే ఉంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా దాన్ని నేనెప్పుడూ శుభ్రంగా ఊడ్చిన పాపాన పోలేదు. వడియాలు పెట్టేటప్పుడు మధ్యలో ఓ నాలుగు మంచాలంత మేర ఊడ్చుకోవడం, మిగతా చెత్తని కాలితో పక్కకి నెట్టడం, అంతే. ఆ పక్కకి నెట్టిన చెత్త పిట్టగోడ వారకి చేరుతుందనీ, పిట్టగోడ వార నుంచి తూము దగ్గరికి చేరుతుందనీ నాకు తట్టనే లేదు. తట్టేలా చేసింది 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను.

ఆ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా తెనాలికి బాపట్ల ఎంతో దూరం కాదు కదా, రెండు రోజుల పాటు వానా గాలీ ఏకధాటిగా కొట్టాయి. చుట్టుపక్కల కోతకొచ్చిన వరి చేలు పడిపోయి రైతులు గుండెలు బాదుకుంటుంటే మా ఇంటి సంగతి చెప్పుకోవడం చిన్నతనమే. కానీ ఆ మర్నాడు పొద్దున జరిగింది ఇప్పటికీ తలుచుకుంటే కాళ్ళు వణుకుతాయి. అత్తయ్యగారు లేచి పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుంటున్నారు. నేను వంటింట్లో పాలు పొయ్యి మీద పెడుతున్నాను. ఆవిడ గదిలో ధబ్‌మని చప్పుడు. పిల్లి ఏదో పడేసిందనుకుని వెళ్ళి చూస్తే, అప్పడాల పీటంత పెచ్చు ఒకటి, దాని చుట్టూ చిన్నా చితకా ముక్కలు, ఆవిడ దిండు మీద పడి ఉన్నాయి. దిండు మధ్యలో తల పెట్టుకున్న గుంట ఇంకా అలాగే ఉంది. పెచ్చు సరిగ్గా ఆ గుంటలో ఉంది. పైకి చూస్తే స్లాబులోంచి రెండు ఇనప చువ్వలు, ఎర్రగా తుప్పు పట్టి, పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి.

పది నిమిషాల తేడా. ఆవిడకి అప్పుడు డెబ్భై ఆరేళ్ళు.

మా వారు లుంగీ ఎగ్గట్టుకుని డాబా ఎక్కారు. వెనకే నేనూ ఎక్కాను. చీలమండలు మునిగేలా నీళ్ళు. మా డాబా కాదు, ఊరి చెరువు. పక్కింటి బాదం ఆకులు, మా ఇంటి వెనక వేప చెట్టు పుల్లలు, ఎప్పటివో కొబ్బరి మట్టలు, మా అబ్బాయి చిన్నప్పటి బంతి, అన్నీ తేలుతున్నాయి. తూము ఏ మూల ఉందో కూడా మా ఇద్దరికీ వెంటనే గుర్తు రాలేదు. నవ్వొస్తుంది గానీ నిజం. ఆయన చేత్తో తడుముకుంటూ వెళ్ళి, కుళ్ళిన ఆకుల ముద్దలోకి మోచేతి దాకా పెట్టి కెలికారు. నీరు కదల్లేదు. వెదురు కర్రతో పొడిచారు. లాభం లేదు. చివరికి ఆ పైపు కింద మోచేయి దగ్గర కోయిస్తే గానీ నీళ్ళు దిగలేదు.

ఆ తర్వాత నేను లెక్క వేశాను. 1200 చదరపు అడుగుల మీద రెండంగుళాల నీళ్ళు నిలిచాయనుకోండి, అవి దాదాపు 5,600 లీటర్లు. మా వీధికి ఎండాకాలం వచ్చే 5,000 లీటర్ల ట్యాంకరు కంటే ఎక్కువ. అంత నీటి కింద రెండు రాత్రులు దుప్పట్లు ముసుగేసుకుని హాయిగా నిద్రపోయామన్నమాట.

ఈ లెక్క చెబితే తాపీ మేస్త్రి నవ్వాడు. "బరువుకేం కాదమ్మా, స్లాబు మోస్తుంది. నీళ్ళు పడితే స్లాబుకి ఏమీ అవదు, నీళ్ళు కూర్చుంటేనే" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో అనిపించింది. డాబా వేసినప్పుడు నీళ్ళు తూము వైపు జారిపోయేలా కొద్దిగా వాటం ఇస్తారు. ఆ వాటం సన్నటిది, కంటికి కనపడదు. దాని మీద అంగుళం మందాన ఆకులు కుళ్ళి మట్టయితే చాలు, వాటం చచ్చిపోతుంది. నీరు అక్కడే కూర్చుంటుంది. ఎండకీ వానకీ పైపూతలో వెంట్రుక వాసి బీటలు ఎలాగూ పడతాయి. కూర్చున్న నీరు తీరిగ్గా ఆ బీటల్లోంచి కిందకి దిగి చువ్వని పట్టుకుంటుంది. చువ్వ తుప్పు పడితే సన్నబడుతుందని నేననుకునేదాన్ని. సన్నబడేది లోపలి ఇనుమే. తుప్పు మాత్రం ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చువ్వ ఉబ్బినట్టయి, తన కింద ఉన్న సిమెంటుని బయటికి తోస్తుంది. అది ముందు బీట, తర్వాత పొంగు, తర్వాత పెచ్చు. మా అత్తయ్యగారి దిండు మీద పడింది ఆ రోజు వానకి ఊడిన పెచ్చు కాదు. ఎన్నో వానాకాలాలుగా పోగు పడిన నీళ్ళ పని అది.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఎందుకంటే ఆ గది కప్పు మీద అరచేయంత పచ్చటి మరక నేను అంతకు రెండేళ్ళ ముందే చూశాను. చూసి ఊరుకోలేదు, చెప్పాను కూడా. "ఏవండీ, అత్తయ్యగారి గదిలో చెమ్మ పడుతోంది, ఒకసారి పైకెక్కి చూడండి" అన్నాను. "చూద్దాంలే" అన్నారు. తర్వాతి ఏడాది ఆ మరక పళ్ళెమంత అయింది. మళ్ళీ చెప్పాను. "సంక్రాంతికి సున్నం వేయిస్తాగా, పోతుంది" అన్నారు. సున్నం వేయించారు, మరక నిజంగానే పోయింది, మూడు నెలలు. ఇందులో ఆయన ఒక్కరి తప్పేం లేదు, నాకు తెలిసిన నాలుగిళ్ళల్లోనూ ఇదే మాట. చెమ్మకి సున్నం వేయించడమంటే జ్వరానికి పౌడరు రాయడం లాంటిది.

అసలు ఇళ్ళల్లో ఎవరూ నోటితో చెప్పని ఒక పంపకం ఉంది. నేల ఆడవాళ్ళది, కప్పు మగవాళ్ళది. కింద ఒక మెతుకు పడి ఉంటే మన పరువు పోతుంది. పైన బండెడు చెత్త ఉన్నా ఎవరి పరువూ పోదు. కప్పు తమదని మగవాళ్ళకి గుర్తొచ్చేది అది కారినప్పుడే. కారేదాకా ఆగడం వాళ్ళకి బద్ధకం అని కాదు. చెమ్మ మరక కనపడేది రోజంతా ఇంట్లో తిరిగే మనకి. వాళ్ళు ఆ గదిలోకి వచ్చేది అమ్మకి మందులివ్వడానికో, పలకరించడానికో. తలెత్తి కప్పు చూసే అవసరం వాళ్ళకేం ఉంటుంది? చూసేది మనం, నిర్ణయించేది వాళ్ళు. ఈ రెంటికీ మధ్య ఎడం ఉన్నన్నాళ్ళూ నీళ్ళు దిగుతూనే ఉంటాయి.

మా పుట్టింట్లో ఇలా ఉండేది కాదు. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. పెంకుటిల్లు. రోహిణి కార్తెలో ఎండలు మండిపోతున్నప్పుడే, మృగశిర చినుకులు పడకముందే, పెంకులు సర్దే మనిషిని మా నాయనమ్మ పిలిపించేది. తాతయ్య కాదు, నాన్న కాదు, నాయనమ్మ. అతను పైన పెంకులు తీసి చింతాకు దుమ్ము దులుపుతుంటే ఆవిడ కింద నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, "అటు ఎడం పక్క రెండు పగిలాయిరా, అవి మార్చు. ఆ రెండు వాలులూ కలిసే చోట ఆకు ఇరుక్కుంది చూడు, ముందు అది తియ్యి" అని పురమాయించేది. ఏ వాసానికి చెద పట్టిందో, ఏ దూలం కింద నిరుడు గిన్నె పెట్టాల్సి వచ్చిందో ఆవిడ వేళ్ళ మీద చెప్పేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాటని మనం విశ్వాసం లేని మనుషులకి వాడతాం గానీ, సొంతింటి వాసాలు లెక్కపెట్టే మనిషి ప్రతి ఇంటికీ ఒకరు కావాలని నాకిప్పుడు అనిపిస్తోంది. బి.ఏ.లో తెలుగు చదివిన దానికి ఈ మాత్రమన్నా పనికొచ్చింది.

పెంకుటింటికి ఒక సుగుణం ఉంది. అది దాచుకోదు. పెంకు పగిలితే ఆ రాత్రే చుక్క పడుతుంది, ముక్కు మీదో, కంచంలోనో. పొద్దున్నే బాగు చేయిస్తాం. స్లాబు అలా కాదు. ఏళ్ళ తరబడి లోపల దాచుకుని, ఒక్కసారిగా చెబుతుంది. డాబా కట్టగానే ఇక కప్పు సంగతి చూసుకోనక్కర్లేదని మన పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మా మామగారు ఈ ఇల్లు కట్టినప్పుడు "ఇక నూరేళ్ళు బెంగ లేదు" అన్నారట. ఆయన కట్టించినప్పుడు తూములు రెండు పెట్టించారు. తర్వాత మెట్ల మీద గది వేసినప్పుడు ఒకటి దాని కింద మూసుకుపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. 1200 అడుగుల నీళ్ళూ ఆ మిగిలిన ఒక్క నాలుగంగుళాల గొట్టంలోంచే పోవాలి.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మేస్త్రి ఆ కోసిన పైపు ముక్కని నేల మీద పెట్టి, పుల్లతో లోపలిది బయటికి లాగాడు. కాకి గూటి పుల్లలు, ఒక పాల ప్యాకెట్టు, బాదం పిక్కలు, కుళ్ళిన ఆకు. వాటన్నిటినీ ఒక ముద్దగా చుట్టేసి, బిరడాలా పట్టి ఉంచింది ఒక నీలం రంగు ప్లాస్టిక్ పట్టా పీలిక. అది చూడగానే నా గొంతు ఎండిపోయింది. అది నా వడియాల పట్టా. అంతకు ముందు వేసవిలో గుమ్మడి వడియాలు ఎత్తాక, "మళ్ళీ ఏడు పనికొస్తుందిలే" అని మడత పెట్టి, ఇటుక బరువు పెట్టి, పిట్టగోడ మూల వదిలేశాను. ఎండకి ప్లాస్టిక్ పెళుసైపోయి ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది కదా. ఇటుక ఇటుక దగ్గరే ఉంది. దాని కింద నీలం పీలికలు నాలుగు మిగిలి ఉన్నాయి. మిగతావి గాలికి తూములోకి వెళ్ళాయి. తూము మీద జాలీ ఉంటే ఆగేవి. ఆ జాలీకి ఆకులు అడ్డం పడుతున్నాయని మా వారే ఎప్పుడో పీకేశారు.

అప్పటిదాకా ఆయన్ని నేను మాటలతో ఉతికి ఆరేస్తున్నాను. "మీ అమ్మ ప్రాణం మీదకి వచ్చేది" అన్నాను, ఆ మాట కూడా. ఆయన పట్టా వంక చూశారు, నా వంక చూశారు, ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా బాధ అనిపించింది. అత్తయ్యగారే "పోనీలే అమ్మాయ్, ఆ వడియాలు అందరం తిన్నాంగా" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కాబట్టి నేల ఆడవాళ్ళది, కప్పు మగవాళ్ళది అని నేను పైన రాసిన మాట సగమే నిజం. డాబాని మనమూ వాడుకుంటాం. వడియాలు, ఆవకాయకి మిరపకాయలు, బట్టలు, పరుపులు, చిరిగిన చాప, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, పనికిరాని కుండీ. పారేయడానికి మనసొప్పనివన్నీ మెట్లెక్కి పైకి వెళ్తాయి. వాడుకునేటప్పుడు అది మనదే. శుభ్రం మాట వచ్చేసరికి ఎవరిదో.

బాగు చేయించడానికి 92 వేలయింది. ఊగుతున్న పెచ్చులన్నీ కొట్టించడం, చువ్వల తుప్పు గీకించి మందు పూయించడం, మళ్ళీ ప్లాస్టరింగు, పైన వాటం సరిచేసి నీరు దిగని పూత వేయించడం, మూసేసిన రెండో తూము తెరిపించడం. నా గాజులు రెండు జతలు బ్యాంకులోకి వెళ్ళాయి. అమ్మాయి హాస్టలు ఫీజు కట్టాల్సిన నెల అది. ఒక మనిషిని పెట్టి డాబా మొత్తం ఊడ్పించి, తూము కడిగిస్తే రోజు కూలీ 700. ఏడాదికి మూడుసార్లనుకున్నా 2,100. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఇంకా ఉంది ఆ కాయితం.

ఈ సంగతి మా డిగ్రీ స్నేహితురాలికి ఫోనులో చెప్పి, "ఇక కప్పు సంగతి కూడా మనమే చూసుకోవాలే" అన్నాను. అది ఇంతెత్తున లేచింది. "ఉన్న చాకిరీ చాలక ఇప్పుడు డాబా కూడానా? వంట మనదే, పిల్లలు మనవే, ముసలివాళ్ళు మనవాళ్ళే, ఇప్పుడు తూములు కూడా మన ఖాతాలోనే రాస్తావా?" అంది. దాని మాటలో న్యాయం ఉంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చాలా రోజులు ఆ మాట నన్ను తొలిచింది.

ఇప్పుడు నేను అనుకుంటున్నది ఇది. ఊడ్చే పని మనం నెత్తిన వేసుకోనక్కర్లేదు. కానీ అడిగే అధికారం మాత్రం వదులుకోకూడదు. మా నాయనమ్మ ఏనాడూ పెంకు ముట్టుకోలేదు. కానీ ఏ రోజు మనిషి రావాలో, ఎంత ఇవ్వాలో, పని అయిందో లేదో తేల్చింది ఆవిడే. మేస్త్రి ఫోను నంబరు మా వారి ఫోనులోనే ఉన్నంత కాలం నా మాట "చూద్దాంలే" దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఆ నంబరు నా ఫోనులో ఉంది, ఏడాదికి 2,100 పోపుల డబ్బాలో కాదు, విడిగా కవర్లో ఉంటాయి. ఎవరి అనుమతీ అడగను. ఊడ్చేది మాత్రం మా వారూ మా అబ్బాయీ. వాళ్ళకి కుదరకపోతే మనిషిని పిలుస్తాను, కూలీ ఆ కవర్లోంచే. "కాలేజీకెళ్ళేవాడి చేత చీపురు పట్టిస్తావా" అని మా తోడికోడలు అంది. పట్టించాను. వాడికి నడుము విరిగిపోలేదు.

అపార్టుమెంట్ల వాళ్ళు "మాకీ గొడవ లేదు" అనుకోకండి. మా చెల్లెలు హైదరాబాదులో అయిదో అంతస్తులో ఉంటుంది, అదే ఆఖరిది. టెర్రస్ అందరిదీ. పండగలకి అక్కడ భోజనాలూ, సంక్రాంతికి గాలిపటాలూ అందరివీ. తూములో మాంజా ఉండలు అడ్డం పడి నీళ్ళు నిలిస్తే, దిగేది మాత్రం దాని పడకగదిలోకి. మీటింగులో చెబితే రెండో అంతస్తు ఆయన "మాకేం కారడం లేదే" అన్నారట. అందరిదీ అన్న కప్పు కింద తడిసేది ఒక్కరే అయితే ఇలాగే ఉంటుంది. అది ఇప్పుడు టెర్రస్ శుభ్రాన్ని నెలవారీ మెయింటెనెన్సులో చేర్పించే దాకా ఊరుకోనని కూర్చుంది. మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ చెక్క ఇళ్ళు, వాలు కప్పులు. శరత్కాలంలో ఆకులన్నీ రాలాక చూరు వెంట ఉండే గట్టర్లలోంచి ఆకులు తీయించకపోతే శీతాకాలంలో అవి గడ్డకట్టి తిప్పలు పెడతాయట. చెట్టున్న ప్రతిచోటా ఈ పని తప్పదన్నమాట.

చెట్టంటే గుర్తొచ్చింది. బాదం చెట్టు పక్కింటి పిన్నిగారిది. మా డాబా మీద పడే ఆకులో ముప్పాతిక దాని పుణ్యమే. ఏడాదిలో ఒకసారి రాల్చి ఊరుకునే చెట్టూ కాదది. కొట్టించెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు, ఎండాకాలం మా వంటింటికి నీడ కూడా అదే. మా డాబా మీదకి వంగిన రెండు కొమ్మలు మాత్రం కొట్టించుకుంటామని, కూలీ మేమే ఇస్తామని అడిగాం. మొదట మొహం ముడుచుకున్నారు గానీ, పెచ్చు సంగతి విన్నాక ఆవిడే మనిషిని పంపారు. ఇప్పుడు ఆవిడ కూడా తన డాబా ఎక్కి చూసుకుంటున్నారు.

ఇంకొకటి రావి మొక్క. పిట్టగోడ బీటలో జానెడు ఎత్తున, ఎర్రటి లేత చిగుళ్ళతో ముచ్చటగా ఉంది. పక్షులు పండు తిని రెట్ట వేసిన చోటల్లా అది మొలుస్తుంది, దానికి మట్టి కూడా పెద్దగా అక్కర్లేదు, ఆ కుళ్ళిన ఆకే చాలు. పనివాడు దాన్ని పీకనన్నాడు, రావి చెట్టు కదా, పాపమట. అత్తయ్యగారే వచ్చి, దణ్ణం పెట్టి, వేళ్ళతో సహా జాగ్రత్తగా తీయించి, చెరువు గట్టున పాతించమన్నారు. పైకి జానెడే గానీ వేరు గోడలోకి మూరెడు వెళ్ళింది. చిన్నప్పుడే తీస్తే వేళ్ళతో వస్తుంది. ఏడాది ఆగితే కాండం మాత్రం తెగుతుంది, వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది, ఆ తర్వాత గోడే పగలగొట్టాలి.

మీ డాబా మీదకి ఎప్పుడెక్కాలని అడిగితే నా అనుభవంలో మూడు వేళలున్నాయి. వేపాకూ బాదం ఆకూ రాలడం అయ్యాక, మృగశిర లోపు ఒకసారి. వానాకాలం మధ్యలో, ఏ పెద్ద గాలివానో వెలిశాక ఒకసారి. మూడోది చాలామంది మర్చిపోయేది, దీపావళి అయిన రెండో రోజు. ఊరందరూ కాల్చిన రాకెట్ల పుల్లలూ, మతాబుల కాయితాలూ, టపాకాయల చెత్తా మన డాబాల మీదే పడతాయి. మన కోస్తాకి తుపాన్లు వచ్చే రోజులు కూడా సరిగ్గా అవే. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న, దీపావళికి పది పన్నెండు రోజుల ముందు. పండగ చెత్త మీద తుపాను వాన పడితే తూము గతి ఏమిటో ఆలోచించండి.

ఊడ్చాక బిందెడు నీళ్ళు తూము దగ్గర పోసి చూడండి. గడగడా దిగాలి. బుడగలు వస్తూ నెమ్మదిగా దిగితే లోపల ఏదో ఉన్నట్టే. జాలీ తీసేయకండి, దాని మీది ఆకు తీయండి. సజ్జాల మీద కూడా ఒక చూపు వేయండి, అక్కడా చెత్త చేరుతుంది. కొబ్బరి చిప్పలు, పాత కుండీలు, టైర్లు ఉంటే కిందకి దింపేయండి. వాటిలో నిలిచిన కాస్త మంచినీళ్ళు చాలు, వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారవుతాయి. వీధిలో శుక్రవారం డ్రై డే అని వచ్చేవాళ్ళు మన పెరట్లో చూసి వెళ్ళిపోతారు, డాబా ఎక్కరు.

జాగ్రత్తల్లో మాత్రం రాజీ వద్దు. పాచి పట్టిన డాబా మీద తడిగా ఉన్నప్పుడు నడవకండి, మనకి ఈ వయసులో తుంటి విరిగితే ఇల్లంతా కూలబడుతుంది. పిట్టగోడ లేని చోట అంచుకి వెళ్ళకండి. రేకుల కప్పయితే అసలు ఎక్కొద్దు, పాత రేకు మనిషి బరువుకి విరుగుతుంది. ఇంటి పక్క నుంచి కరెంటు తీగలు వెళ్తుంటే ఇనప చువ్వతో పైపు పొడవడం లాంటివి చేయనివ్వకండి, చేతిలోని పొడుగాటి చువ్వ ఎటు ఊగుతుందో చెప్పలేం. గదిలో కప్పు చెమ్మగా ఉంటే ఆ గది ఫ్యాను, లైటు వేయకుండా ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఇదంతా రాస్తుంటే ఒక మాట దాచలేను. ఆ పెచ్చు ఖాళీ మంచం మీద పడి ఉంటే, ఇంట్లో ఎవరి తలా అక్కడ పెట్టుకునేది కాకపోతే, ఇదంతా జరిగేదా అని నాకు అనుమానమే. మళ్ళీ సున్నం వేయించి ఊరుకునేవాళ్ళమేమో. నేను కూడా.

మొన్న దీపావళి అయ్యాక ఆదివారం, మా వారూ అబ్బాయీ డాబా ఎక్కారు. నేను కింద నిలబడి పురమాయించాను, మా నాయనమ్మలాగే చెయ్యి అడ్డం పెట్టుకుని. రెండు గోనె సంచుల ఆకు దిగింది, రాకెట్టు పుల్లలు ఇరవై మూడట, అబ్బాయి లెక్కపెట్టాడు. వడియాల పట్టా ఇప్పుడు మెట్ల గదిలో మేకుకి వేలాడుతోంది. అత్తయ్యగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని, "తూములో నీళ్ళు పోసి చూశారట్రా?" అని పైకి కేకేశారు. కాసేపటికి గోడ పక్క గొట్టంలోంచి నీళ్ళు గడగడమంటూ దిగి, ఆవిడ పెంచుకుంటున్న కనకాంబరాల మడిలోకి పారాయి.